గానుగ నడిపేవాడు గానుగెద్దు కానక్కరలేదు

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. తెనాలి దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 28 ఏళ్లు. బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. నెలకు 48 వేలు చేతికి వచ్చేవి. రెండేళ్ల కిందట అది మానేసి వచ్చి, మా ఇంటి ముందు గదిలో చెక్క గానుగ పెట్టి నూనె అమ్ముతున్నాడు. మొదటి ఏడాది తెల్లవారకముందే లేచి రాత్రి పదింటిదాకా కష్టపడ్డాడు. రోజూ బండి మీద ఇంటింటికీ తిరిగి నూనె ఇచ్చేవాడు. అప్పుడు 60 ఇళ్లు ఉండేవి, ఇప్పుడు 140 అయ్యాయి. కానీ మనిషి మారిపోయాడు. బుధవారం, శనివారం తప్ప నూనె తీసుకెళ్లడు. ఉదయం ఎనిమిదికి తెరిచి మధ్యాహ్నం రెండింటికి షట్టర్ దించేస్తాడు. పదకొండు దాటేదాకా ఫోను ఎత్తడు. మధ్యాహ్నం ఖాళీగా పొలాల వెంట తిరుగుతాడు, సాయంత్రం బ్యాడ్మింటన్. ఖాళీగానే ఉన్నావు కదా అని బ్యాంకు పనికి పంపితే విసుక్కుంటాడు. ఖర్చులన్నీ పోను నెలకు 42 వేలు మిగులుతున్నాయంటాడు. మా ఎదురింటి అబ్బాయిదీ వ్యాపారమే. రోజుకు 16 గంటలు పనిచేస్తాడు, స్టార్టప్ సభలకు వెళ్తాడు, పత్రికలో ఫొటో కూడా వచ్చింది. మావాడికి సంబంధాలు చూస్తున్నాం, ఏం చెప్పాలో తెలియడం లేదు. వ్యాపారం కొనసాగించనివ్వాలా, మళ్లీ ఉద్యోగానికి పంపాలా, వ్యాపార నిర్వహణలో ఎంబీఏ చేయించాలా? మూడింటినీ పోల్చి చెప్పండి.

సమాధానం: మాస్టారూ, పోలిక గురించి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో 'ఖాళీగా' అన్న మాట రెండుసార్లు వచ్చింది. 'నష్టం' అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. నా దృష్టి ముందు అక్కడే నిలిచింది.

సొంతంగా ఏదో ఒకటి పెట్టుకున్న పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎంబీఏ గురించో ఉద్యోగం గురించో అడుగుతారు. లోపల ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే. మావాడు నిజంగా పనిచేస్తున్నాడా, లేక సోమరితనానికి వ్యాపారమని పేరు పెట్టుకున్నాడా? ఉద్యోగం చేసే పిల్లల మీద ఈ అనుమానం రాదు. పొద్దున బస్సెక్కి రాత్రి దిగితే చాలు, నడుమ ఏం చేశావని ఇంట్లో ఎవరూ అడగరు. హాజరు పట్టీ లేని పని మనకు పనిలా కనిపించదు. మీరు ముప్పై ఏళ్లకు పైగా ఆ పట్టీలో సంతకం చేసి ఉంటారు, అందుకే మీకు ఇంకా కష్టంగా ఉంది. అది నాకు అర్థమవుతుంది.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. హైదరాబాద్ ఉద్యోగంలో మీ అబ్బాయి రోజుకు తొమ్మిది గంటలు ఆఫీసులో, రాకపోకలకు మరో రెండున్నర గంటలు గడిపి ఉంటాడనుకుందాం. నెలకు 22 రోజులకు 253 గంటలు. 48 వేలను దానితో భాగిస్తే గంటకు సుమారు 190 రూపాయలు. ఇప్పుడు రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు 24 రోజులు, అంటే 144 గంటలు. పొలాల వెంట తిరిగిన సమయం కూడా కలుపుదాం, మరో 20 గంటలు. మొత్తం 164. మిగులు 42 వేలు అంటున్నాడు కానీ, గది మీది కాబట్టి అద్దె పడలేదు. అదే బయట తీసుకుంటే 8 వేలైనా అవుతుందనుకుని తీసేద్దాం. 34 వేలను 164తో భాగిస్తే గంటకు 207 రూపాయలు.

తేడా గొప్పగా ఏమీ లేదు. నెల మొత్తం చూస్తే ఉద్యోగం కంటే 14 వేలు తక్కువే. ఉద్యోగంలో భవిష్య నిధి జమయ్యేది, ఇక్కడ అది లేదు. ఇవన్నీ ఒప్పుకుంటూనే అడుగుతున్నాను, ఈ లెక్కలో సోమరితనం ఎక్కడుంది? సుమారు 65 శాతం గంటలతో సుమారు 71 శాతం రాబడి తెచ్చుకుంటున్నాడు. అదీ వ్యాపారం పెట్టిన రెండో ఏడాదిలో.

మీ ఉత్తరంలోనే ఇంకొక సాక్ష్యం ఉంది, మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు. రోజూ బండి మీద తిరిగినప్పుడు 60 ఇళ్లు, వారానికి రెండు రోజులే ఇస్తున్నప్పుడు 140. నూనె పాలప్యాకెట్ కాదు, రోజూ ఇవ్వనక్కరలేదు. బుధవారం వస్తాడని తెలిస్తే ఆ ఇంటావిడ బుధవారానికి డబ్బా ఖాళీ చేసి పెట్టుకుంటుంది. ఈ సంగతి గ్రహించడానికి అతనికి ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాది తిరిగిన తిరుగుడు మీకు కష్టంలా కనిపించింది, ఇప్పుడు తిరగకపోవడం బద్ధకంలా కనిపిస్తోంది. వ్యాపారి ఎదుగుదలలో అసలైన మెట్టు ఇదే.

పొలాల వెంట తిరగడం సంగతి కూడా చూద్దాం. గానుగ నూనెలో ఖర్చంతా పప్పు దగ్గరే ఉంటుంది. సుమారు రెండున్నర కిలోల వేరుశనగ పప్పు ఆడితే గానీ కిలో నూనె రాదు. ఆ పప్పు పుచ్చిందో, తేమ ఎక్కువైందో ఉంటే నూనె దిగుబడీ పోతుంది, వాసనా పోతుంది. ఖరీఫ్ కాయ అక్టోబరు, నవంబరులో, రబీ కాయ మార్చి, ఏప్రిల్‌లో ఇళ్లకు చేరుతుంది. ఆ సమయంలో రైతు దగ్గరే చూసుకుని కొన్నవాడికీ, అవసరం పడినప్పుడల్లా బజారుకు పరుగెత్తేవాడికీ కిలో మీద వచ్చే తేడానే మొత్తం లాభం కావచ్చు. నూనె తీశాక మిగిలే పిండిని, అంటే చెక్కను, పాడిరైతులకు అమ్ముకోవడానికీ ఆ పరిచయాలే ఆధారం. మీ అబ్బాయి రోజులో చేసే అత్యంత విలువైన పని బహుశా మీరు 'ఖాళీగా తిరగడం' అని రాసిన ఆ గంటా రెండు గంటలే.

ఎదురింటి అబ్బాయి గురించి నాకు తెలియదు, అతను బాగుండాలనే కోరుకుంటాను. కానీ 16 గంటల మీద మీకున్న భక్తి గురించి మాట్లాడాలి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తినప్పుడు, ఆ పత్రిక ముక్కలు కత్తిరించి పట్టుకుని నా దగ్గరకు వచ్చిన తండ్రులున్నారు. వాళ్లకు నేను చెప్పే సంగతి ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో మందుగుండు కర్మాగారాల కార్మికులు ఎన్ని గంటలు పనిచేస్తే ఎంత తయారైందో అక్కడి ప్రభుత్వ కమిటీ నమోదు చేయించింది. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ ఆ లెక్కలను మళ్లీ తీసి 2014లో పరిశీలించారు. వారానికి సుమారు 49 గంటల వరకు గంటలు పెరిగినకొద్దీ ఉత్పత్తీ అదే లెక్కన పెరిగింది. ఆ తర్వాత గంట గంటకూ పని పలచబడింది. 70 గంటలు పనిచేసినప్పుడు తయారైనదానికీ, 56 గంటల్లో తయారైనదానికీ పెద్ద తేడా లేదు. ఎదురుగా యుద్ధం జరుగుతోంది, చేసినదానికి తగ్గ కూలి ఉంది, అయినా పైన చేసిన 14 గంటలు దాదాపు వృథా. అది చేతులతో చేసే పని. ధర నిర్ణయించడం, సరుకు ఎంచడం, ఎవరికి అప్పు ఇవ్వకూడదో తేల్చుకోవడం తలతో చేసే పనులు, అలసిన తలతో చేస్తే వృథా కావడంతో ఆగదు, ఎదురు నష్టం తెస్తాయి.

స్టార్టప్ సభల మీద నాకున్న సందేహాలు కూడా దాచను. హైదరాబాద్‌లో 2015లో స్టార్టప్‌లకు తోడ్పడే టీ-హబ్ మొదలైంది, 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. అలాంటి చోట్ల సాంకేతిక వ్యాపారాలు పెట్టేవారికి, బయటి పెట్టుబడి లేకుండా ముందుకు వెళ్లలేనివారికి మంచి తోడ్పాటు దొరుకుతుంది. నా అభ్యంతరం వాటి చుట్టూ పెరిగిన మోజు మీద. ప్రతి పోటీకీ దరఖాస్తు, ప్రతి సభలో ఒక ఫొటో, తెల్లవారుజామున నాలుగింటికి లేచానని ఒక ప్రకటన, గంట గంటకూ రంగులు వేసుకున్న దినచర్య. మూడేళ్ల కిందట ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. కళ్లకింద నలుపు, చేతిలో రెండు ఫోన్లు. పేరు, గుర్తు, విజిటింగ్ కార్డు ఎంచుకోవడానికే నాలుగు నెలలు తీసుకున్నాడు. హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరు పోటీలన్నీ తిరిగాడు. "పోయిన నెల నీకు డబ్బిచ్చి వస్తువు కొన్నవాళ్లు ఎంతమంది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చాడు. క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు అని మన పెద్దలు అన్నది ఈ స్థితినే. ఆ పిల్లవాడు మోసగాడు కాదు, సోమరి అంతకంటే కాదు. తీరిక లేకపోవడాన్ని పని అని అతనికి నేర్పించారు, అతను నమ్మాడు. అలాంటి పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అందుకే ఈ విషయంలో నా గొంతు కొంచెం పెరుగుతుంది.

ఇప్పుడు మీతోనూ కొంచెం గట్టిగానే మాట్లాడతాను, మన్నించండి. మీ అబ్బాయి ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఉదయం పదింటికి ఫోన్ చేసి, గ్యాస్ బుక్ చేసి రమ్మని అతన్ని అడిగేవారా? అడిగేవారు కాదు. ఇప్పుడు ఇంటి ముందు గదిలో ఉన్నాడు కాబట్టి బ్యాంకుకు వెళ్లాలంటే అతనే, చుట్టాలను స్టేషన్ నుంచి తీసుకురావాలంటే అతనే. గానుగ ఆడుతున్నప్పుడు కదిలితే పప్పు ఎంత నలిగిందో, నీళ్లు ఎప్పుడు చిలకరించాలో చూసేవారుండరు. పావుగంట పనే కదా అని మీరనుకుంటారు, అతనికి ఆ వాయి పోతుంది, దానితో పాటు ఆ పూట తెగిపోతుంది. పదకొండు దాకా ఫోను ఎత్తకపోవడం పొగరు కాదు మాస్టారూ. మీరు తరగతిలో సిద్ధాంతం నిరూపిస్తుండగా ఎవరైనా తలుపు తట్టి హాజరు సంఖ్య అడిగితే మీకు ఎలా ఉండేది? రోజంతా పుస్తకం ముందు కూర్చుని ఏమీ ఎక్కించుకోని విద్యార్థినీ, గంటసేపు శ్రద్ధగా చదివి ఆటకు వెళ్లిన విద్యార్థినీ మీరు ఎంతమందిని చూసి ఉంటారు! బడిలో ఆ తేడా పట్టుకున్న మీరు సొంత కొడుకు దగ్గరకు వచ్చేసరికి గంటలు లెక్కపెడుతున్నారు.

పోలిక అడిగారు కదా. ఎంబీఏ ఇప్పుడు వద్దు. పేరున్న ప్రైవేటు సంస్థల్లో రెండేళ్ల ఫీజు 10 లక్షలు దాటుతుంది, ఆ రెండేళ్లలో 140 ఇళ్లు వేరే నూనెకు అలవాటుపడతాయి. వ్యాపారం ఎలా చేయాలో నేర్చుకోవడానికి నడుస్తున్న వ్యాపారం మూయడంలో అర్థం లేదు. ఉద్యోగం తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, కానీ సాఫ్ట్‌వేర్‌లో విరామం పెరిగినకొద్దీ తిరిగి వెళ్లడం కష్టం. కాబట్టి ఏదైనా నిర్ణయం తీసుకోవాలంటే వచ్చే ఏడాదిలోపే తీసుకోవాలి. వ్యాపారం సాగించడమే నా మాట. దానికి షరతులున్నాయి, అవి మీ అబ్బాయికి.

వారం రోజులు జ్వరంతో పడుకుంటే గానుగ తిరుగుతుందా? తిరగకపోతే ఇది ఇంకా వ్యాపారం కాలేదు, అతని చేతుల మీద నడుస్తున్న కూలి పని. సహాయకుడు ఒకరికి గానుగ పూర్తిగా నేర్పాలి. తనకంటూ నెల జీతం తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాత మిగిలినదాన్ని మాత్రమే లాభం అనాలి. ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోవాలి. జీఎస్టీ నమోదు ఉంటే, అమ్మకాలు ఏడాదికి 5 కోట్ల లోపు వారికి మూడు నెలలకొకసారి రిటర్ను వేసే వీలు 2021 నుంచి ఉంది. నెలనెలా అదే పనిగా కూర్చోకుండా అకౌంటెంట్‌కు అప్పగించవచ్చు. మధ్యాహ్నం మిగిలిన గంటల్లో కొన్నింటిని దేనికి వాడాలో కూడా అతను తేల్చుకోవాలి. రెండో గానుగ కావాలా, నువ్వుల నూనె మొదలుపెట్టాలా, లేక ఈ 140 ఇళ్లతో, ఈ సాయంత్రాలతో తృప్తిగా ఉండాలా? చివరిదాన్ని ఎంచుకున్నా తప్పులేదు. కాకపోతే తెలిసి ఎంచుకోవాలి. బ్యాడ్మింటన్ మాత్రం మానిపించకండి.

సంబంధాల వాళ్లు అడిగితే ఉన్నదే చెప్పండి. సొంత వ్యాపారం, 140 ఇళ్లకు నూనె ఇస్తాడు, మధ్యాహ్నం రెండుకల్లా దుకాణం పని ముగిస్తాడు. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే అల్లుళ్లను చూసిన ఆడపిల్లల తల్లులకు ఆ మూడో మాట విలువ తెలుసు.

వారంలో లెక్కలు రాసుకునే రోజు అతనికి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం షట్టర్ దించాక వెళ్లి పక్కన కూర్చోండి. నిలదీయడానికి కాదు, పుస్తకం చూపించమని అడగండి. పప్పు ఎంతకు కొన్నాడు, ఎంత నూనె దిగింది, చెక్క ఎంతకు పోయింది, ఎవరి దగ్గర బాకీ నిలిచింది, అన్నీ చూడండి. పైన నేను వేసిన అంకెలు ఊహించి వేసినవే, అసలైనవి ఆ పుస్తకంలో ఉంటాయి. తప్పులుంటే లెక్కల మాస్టారుగా నాకంటే ముందు మీకే కనిపిస్తాయి. కనిపిస్తే సాయంత్రం ఆట ముగిశాక చెప్పండి, ఉదయం గానుగ ఆడే వేళ కాదు.