కదలని అయస్కాంతం కరెంటు ఎందుకు ఇవ్వదు?

ప్రశ్న: కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని పాఠంలో చదివాను. కరెంటు వల్ల అయస్కాంతత్వం పుడుతున్నప్పుడు, బలమైన అయస్కాంతాన్ని రాగి తీగచుట్టలో పెట్టి వదిలేస్తే తీగలో కరెంటు పుట్టాలి కదా? ఎందుకు పుట్టదు?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: ఇది చాలా మంచి సందేహం. 1820లో కోపెన్‌హాగన్‌లో ఆయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త మీరు చెప్పిన ముల్లు కదలికను ప్రకటించాక, లండన్‌లో మైకేల్ ఫారడేకూ ఇదే ఆలోచన వచ్చింది. అయస్కాంతత్వాన్ని విద్యుత్తుగా మార్చాలని ఆయన 1822లోనే తన నోటుపుస్తకంలో రాసుకున్నారు. అది నెరవేరడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది.

1831 ఆగస్టు 29న ఆయన ఆరంగుళాల వెడల్పున్న ఇనుప కడియానికి రెండు వైపులా రెండు తీగచుట్టలు, ఒకదానికొకటి తగలకుండా, నూలుగుడ్డ అడ్డుపెట్టి చుట్టారు. ఒక చుట్టను బ్యాటరీకి కలపగానే, రెండో చుట్ట తీగ కింద ఉంచిన అయస్కాంత సూది ఒక్కసారి ఊగి, మళ్లీ యథాస్థానానికి వచ్చి ఆగిపోయింది. మొదటి చుట్టలో కరెంటు పారుతున్నంతసేపూ సూదిలో చలనం లేదు. బ్యాటరీని విడదీసిన క్షణంలో మాత్రం మళ్లీ ఊగింది, ఈసారి ఎదురు దిక్కుకు. కరెంటును పుట్టించేది అయస్కాంత క్షేత్రం ఉండటం కాదని, అది మారడమని ఆ సూది చూపించింది.

ఆయిర్‌స్టెడ్ ప్రయోగంలో ముల్లు తప్ప ఏదీ కదలలేదని మీకు అనిపించి ఉంటుంది. నిజానికి కరెంటు అంటేనే విద్యుదావేశాల ప్రవాహం కాబట్టి అక్కడ కదలిక తీగలోనే ఉంది. మీ ప్రయోగంలో అయస్కాంతమూ తీగా రెండూ నిశ్చలంగా ఉన్నాయి. నిలిచి ఉన్న ఆవేశంపై మారని అయస్కాంత క్షేత్రం ఏ బలాన్నీ చూపదు, అందువల్ల తీగలోని ఎలక్ట్రాన్లను ఒక దిక్కుకు నెట్టేది ఏదీ ఉండదు.

శక్తి వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. రాగి తీగకు నిరోధం ఉంది కనుక కరెంటు పారితే అది వేడెక్కాలి. అయస్కాంతం ఊరికే ఉంటే ఆ వేడికి కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? సైకిలు డైనమోను గమనించినవారికి ఇది బాగా అర్థమవుతుంది. టైరుకు ఒరుసుకునే చిన్న చక్రం లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది, లైటు వెలుగుతుంది, వెంటనే పెడల్ బరువెక్కుతుంది. ఆ వెలుగుకు మూల్యం చెల్లించేవి మన కాళ్లే. పుట్టిన కరెంటు తనకు కారణమైన మార్పును ఎప్పుడూ ఎదిరిస్తుందని చెప్పే లెంజ్ నియమం (1834) ఆ బరువు గురించినదే.

కాలేజీ ల్యాబులో గాల్వనామీటరుకు (కొద్దిపాటి కరెంటునూ ముల్లు కదలికతో చూపే పరికరం) తీగచుట్టను కలిపి, అయస్కాంతాన్ని ఒకసారి మెల్లగా, ఒకసారి చప్పున దూర్చి చూడండి. రెండోసారి ముల్లు ఎక్కువ దూరం వెళ్తుంది. తర్వాత అయస్కాంతాన్ని బల్లపై ఉంచి, అంతే వేగంతో చుట్టనే దాని మీదికి తెండి. ముల్లు మొదటిలాగే కదులుతుంది. ఏది కదిలినా ఫలితం ఒకటే అన్న ఈ విషయంతోనే ఐన్‌స్టీన్ సాపేక్షతపై తన 1905 నాటి వ్యాసాన్ని మొదలుపెట్టారు.