దేవుణ్ణి నమ్మను, చెల్లికి చేసిన మోసం ఎవరికి చెప్పుకోను?

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. అంబాజీపేట దగ్గర పల్లెటూరు. గోరాగారి పుస్తకాలు చదివి కుర్రతనంలోనే నాస్తికుణ్ణయ్యాను. 2001లో నాన్న పోయాక, అప్పటికి పెళ్లయి రెండేళ్లయిన మా చెల్లిని బ్యాంకు లోను కాగితాలని చెప్పి రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్లి సంతకాలు పెట్టించాను. అవి కొబ్బరితోటలో తన వాటా వదులుకున్నట్టు రాయించినవి. తనకి ఇప్పటికీ తెలియదు. దింపు తీయించినప్పుడల్లా బస్తా కాయలు పంపుతాను. ‘అన్నయ్య ఎప్పుడూ మర్చిపోడు’ అని అందరికీ చెబుతుంది. ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టదు. 2027 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో మునిగితే పాపం పోతుందంటుంది మా ఆవిడ. నమ్మకం లేనివాణ్ణి, నాకు దారేమిటి?

జవాబు: మీ చెల్లెలు బతికే ఉన్నారు, తోట మీ చేతిలోనే ఉంది. చాలామందికి ఈ రెండూ మిగలవు.

పుష్కర స్నానాన్ని నేను తక్కువ చేయను. కానీ మునిగి లేచినా తోట మీ పేరు మీదే ఉంటుంది. భక్తుడికైనా ఈ బాకీ అలా తీరదు. ఇక గోరాగారి మాట. నాస్తికుడని 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగంలోంచి తీసేసినా వెనక్కి తగ్గని మనిషి ఆయన. విధీ కర్మా లేవు, చేసినదానికి మనిషే బాధ్యుడని చెప్పారు. మీరు అందులో మొదటి సగమే తీసుకున్నారు.

ఆ వాటా మీరు దయతలిచి ఇచ్చేది కాదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి 1956 నుంచే హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది. అప్పటికి మీ చెల్లెలికి పెళ్లి కాలేదు. అంటే ఇన్నాళ్లూ ఆవిడ చెట్ల కాయలే ఆవిడకు కానుకగా పంపుతూ మంచి పేరు తెచ్చుకున్నారు. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ముందు భార్యకీ పిల్లలకీ చెప్పండి. తోటంతా తమదేనని వాళ్లు అనుకుంటూ ఉంటారు. లాయరు దగ్గర ఆవిడ వాటా తిరిగి ఆవిడ పేర రాసే సెటిల్‌మెంట్ దస్తావేజు సిద్ధం చేయించుకుని చెల్లెలింటికి వెళ్లండి. పండగనాడు వద్దు, నలుగురిలో వద్దు, ఫోన్లో అసలే వద్దు. ‘లోను కాగితాలని అబద్ధం చెప్పానమ్మా. నీ వాటా నా పేర రాయించుకున్నాను.’ ఇంతే చెప్పండి. అప్పట్లో నా ఇబ్బందులు అంటూ మొదలుపెట్టకండి. క్షమించమని కూడా వెంటనే అడగకండి. అడిగారంటే, దెబ్బతిన్న మనిషే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. బావగారు కేకలేయొచ్చు, రాకపోకలు ఆగిపోవచ్చు. ఇన్నేళ్ల ఆదాయం అడిగితే కూర్చుని లెక్క కట్టండి. ఆవిడ మనసు మారుతుందో లేదో మీ చేతుల్లో లేదు. మీరివ్వాల్సింది మాత్రం ఇచ్చేయాలి.

తప్పు చేశాననే బాధ మంచిదే, అది మనిషిని కదిలిస్తుంది. నేనే పనికిరానివాణ్ణి అనుకుంటూ కూర్చుంటే మాత్రం ఆవిడకి ఒక్క చెట్టు కూడా తిరిగి రాదు.

చెప్పేశాక కూడా వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సహించకపోతే సైకియాట్రిస్టుని కలవండి. ఈలోగా టెన్షన్ తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.