పక్క రాష్ట్రంలో చెల్లే రైఫిల్ ఇక్కడ ఎందుకు చెల్లదు?

ప్రశ్న: మాది కొలంబస్, ఒహాయో. హెచ్-1బీ మీద వచ్చి నాలుగేళ్లయింది. మా టీమ్‌లో ఒకాయన, ఇక్కడివాడే, థాంక్స్‌గివింగ్ అయ్యాక వాళ్ల తాతగారి పొలంలో జింకల వేటకి రమ్మంటున్నాడు. విస్కాన్సిన్‌లో ఉండే మా బావ ఏటా వేటకి వెళ్తాడు, ఆయనా వస్తానని, తన థర్టీ ఆట్ సిక్స్ రైఫిల్ తెస్తానని అన్నాడు. ఆ మాట చెబితే మా టీమ్ ఆయన నవ్వేసి, దాంతో ఇక్కడ జింకని కొడితే కేసవుతుందన్నాడు. అదే దేశం, అదే జింక, మరి ఈ తేడా ఏంటండీ?
– ఒక పాఠకుడు

జవాబు: మీ టీమ్ ఆయన చెప్పింది నిజమేనండీ. అలాగని మీ బావగారిదీ తప్పు కాదు, విస్కాన్సిన్‌లో 2013 నుంచి రాష్ట్రమంతటా రైఫిల్‌తో జింకల వేటకి వెళ్లొచ్చు. ఏ తుపాకీతో జింకని కొట్టాలన్నది అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రాసుకుంటుంది. ఒహాయోలో చాలాకాలం షాట్‌గన్‌తో ఒంటి స్లగ్ (చిన్న గుళ్లకి బదులు ఒకటే లావుపాటి గుండు), లేదంటే గొట్టం మూతిలోంచి మందు కూరి కాల్చే మజిల్‌లోడర్ (మన ఏజెన్సీ ఊళ్లలో భర్మార్ అంటారే, దానికి బాగా చదువుకున్న తమ్ముడనుకోండి), కొన్ని రకాల పిస్టళ్లు, ఇంతే. ఎందుకంటే అది చాలావరకు చదునైన పొలాల నేల, పొలానికీ పొలానికీ మధ్య ఇళ్లు. రైఫిల్ బుల్లెట్ గురి తప్పి పైకి లేచిందంటే మైళ్ల దూరం పోతుంది, స్లగ్ బరువుగా, నెమ్మదిగా వెళ్లి తొందరగా నేలకి దిగుతుంది.

2014లో కొంచెం సడలించారు. స్ట్రెయిట్ వాల్ తూటా వాడే రైఫిళ్లు తెచ్చుకోవచ్చన్నారు. అసలు కిటుకంతా తూటా (ముందు బుల్లెట్, వెనక మందు నింపిన గొట్టం, రెండూ కలిపి) ఆకారంలో ఉంది. మీ బావగారి తూటా కింద లావుగా ఉండి పైకి వచ్చేసరికి సీసా మెడలా సన్నబడుతుంది, అంటే వెనకాల బోలెడు మందు, ముందు సన్నటి బుల్లెట్, ఆ వేగమంతా అక్కడి నుంచే. స్ట్రెయిట్ వాల్ తూటాకి ఆ మెడ ఉండదు, లిప్‌స్టిక్ గొట్టంలా నిటారుగా ఉంటుంది. అది పోయే వేగమూ తక్కువే, 200 గజాల లోపు వేటకి చాలు. ఒహాయో అడిగేది రెండు: తూటా నిటారుగా ఉండాలి, కాలిబర్, అంటే బుల్లెట్ మందం, 0.357 నుంచి 0.50 అంగుళాల మధ్య ఉండాలి. థర్టీ ఆట్ సిక్స్‌కి మెడ ఉంది, బుల్లెట్ మందం 0.308 అంగుళాలు, కాబట్టి రెండింట్లోనూ ఫెయిల్. మన పోలీసుల పాత త్రీ నాట్ త్రీని తీసుకెళ్లినా ఇదే గతి, దాని తూటాకీ మెడే. తుపాకీలో మొత్తం మీద మూడు తూటాలకి మించి ఉండకూడదన్నది ఇంకో నిబంధన.

దీన్ని పట్టుకుని స్ట్రెయిట్ వాల్ అయితే ఎక్కడైనా సరే అనుకునేరు. దక్షిణ మిషిగన్‌లో కూడా 2014లోనే ఇలాంటి సడలింపు ఇచ్చారు గానీ తూటా గొట్టం పొడవు 1.16 నుంచి 1.80 అంగుళాల మధ్య ఉండాలని పెట్టారు. దాంతో 1873 నాటి ఫార్టీ ఫైవ్ సెవెంటీ అనే తూటా, పాపం, 2.105 అంగుళాల పొడుగు కాబట్టి ఒహాయోలో చెల్లి అక్కడ చెల్లకుండా పోయింది. ఇల్లినాయ్ 2023 జనవరి 1 నుంచి రైఫిల్‌కి ఒప్పుకుంది, అదీ ఒకసారికి ఒక్క తూటానే పట్టే సింగిల్ షాట్ అయితేనే. ఈ రూల్స్ చూసుకునే వించెస్టర్ కంపెనీ 2019లో త్రీ ఫిఫ్టీ లెజెండ్ అనే తూటా తెచ్చింది, కొలతలు తీసుకుని కుట్టించిన చొక్కా లాంటిదే అది. మిన్నెసోటా అయితే దక్షిణాన ఉన్న షాట్‌గన్ జోన్‌నే (జింకల వేటకి రైఫిల్ పనికిరాదన్న ప్రాంతం) 2026 జనవరి నుంచి ఎత్తేసింది, కావాలంటే ఏ కౌంటీకి ఆ కౌంటీ పాత నిబంధన ఉంచుకోవచ్చంది.

షాట్‌గన్ అంటేనే భద్రత అన్న నమ్మకం ఎందుకు సడలిందంటే, పెన్సిల్వేనియా శాసనసభ కమిటీ చేయించిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. గొట్టం పైకెత్తి కాలిస్తే రైఫిల్ బుల్లెట్టే ఎక్కువ దూరం పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ నేలకి సమాంతరంగా కాల్చినప్పుడు స్లగ్ నేలకి తగిలి ఎగిరి రైఫిల్ బుల్లెట్ కన్నా దూరం పోతుందని అందులో తేలింది. పైగా పన్నెండు గేజ్ షాట్‌గన్ భుజాన్ని తన్నే తన్నుకి కొత్తవాళ్లు కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగుతారు. నన్నడిగితే తూటా ఆకారం కంటే జింక వెనకాల ఏముందో చూసుకోవడం ముఖ్యం, మట్టిగట్టు ఉందా, ఎవరి గడ్డివామన్నా ఉందా అని.

ఇక మీరు అడగనిది, నాకు టెన్షన్ పెట్టినది. మీరు హెచ్-1బీ. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. మినహాయింపులు కొన్నే, అందులో మీకు పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది లేకుండా బావగారి తుపాకీ పట్టుకుని ఒక్క ఫొటో దిగినా చిక్కే, వాట్సాప్‌లో పెడితే సాక్ష్యం కూడా మీరే ఇచ్చినట్టు. ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయండి, లైసెన్స్ తీసుకోండి, జింకకి వేరే పర్మిట్ ఉంటుంది, అదీ కొనండి. పొలం యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, తాతగారు నోటిమాటగా రమ్మంటే సరిపోదు. నారింజ రంగు చొక్కా మరిచిపోకండి. వీసా విషయంలో ఏ కాస్త అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక ఫోన్ కొట్టండి.

ప్రశ్న: అమెరికాలో అంత స్వేచ్ఛ ఉందిగా, మా వేరుశనగ చేలో జింకలు పడి మేస్తున్నాయి. నాకు లైసెన్స్ ఉన్న తుపాకీ ఉంది. దాంతో కొట్టొచ్చా?
– ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: వద్దు. ఆయుధ లైసెన్స్ తుపాకీ ఉంచుకోవడానికే, జింకని కొట్టడానికి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటని నిషేధించింది, తుపాకీ ఏ రకమన్న ప్రశ్నే అక్కడ రాదు. మీ చేలోకి వచ్చేది కృష్ణజింక అయితే అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చట్టంలో ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు, పైన జరిమానా. పంట పోయిన చోట ఫొటోలు తీసి, తేదీతో సహా దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టండి, అర్జీ అందినట్టు రసీదు మాత్రం అడిగి తీసుకోండి.