కేస్ షీట్ ఇవ్వనంటున్న ఆసుపత్రి: ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మగారికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిత్తాశయంలో రాళ్లకు లాప్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చాక జ్వరం, కామెర్లు మొదలయ్యాయి. మరో ఆసుపత్రిలో చూపిస్తే పిత్తనాళానికి గాయమైందని చెప్పి మళ్లీ ఆపరేషన్ చేశారు. మొదటి ఆసుపత్రివారిని కేస్ షీట్ అడిగితే, డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం, అంతకు మించి ఇవ్వం అంటున్నారు. డాక్టరుపై కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే ముందు ఆ రికార్డులు మీ చేతికి రావాలి. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి; రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ఆ నిబంధనలే చెబుతున్నాయి కనుక, దానిపై రాష్ట్ర వైద్య మండలికి విడిగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చినా, అదే నెలలో వాటిని నిలిపివేసి పాతవాటినే అమలులో ఉంచింది.

డిశ్చార్జి సమ్మరీ ఆసుపత్రి తన మాటల్లో రాసుకున్న సారాంశం మాత్రమే. ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్టు, నర్సుల నోట్స్, రక్తపరీక్షల రిపోర్టులు, అంగీకార పత్రం అన్నీ పేరుపేరునా అడుగుతూ అమ్మగారి సంతకంతో దరఖాస్తు ఇచ్చి, మీ ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటగా అడిగినదానికి రుజువు ఉండదు.

పిత్తనాళానికి గాయం కావడం దానంతటదే నిర్లక్ష్యానికి రుజువు కాదు. జాగ్రత్తగా చేసే సర్జన్ చేతిలోనూ అది అరుదుగా జరుగుతుంది. అదే నైపుణ్యం గల సాధారణ వైద్యుడు ఆ పరిస్థితిలో ఎలా వ్యవహరిస్తాడన్నదే కొలమానమని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో స్పష్టం చేసింది. అందువల్ల ఆపరేషన్ తర్వాతి రోజుల నమోదులను శ్రద్ధగా చదివించండి. రక్తంలో బిలిరుబిన్ (ఎక్కువైతే కామెర్లు కనిపించే పదార్థం) పెరిగినట్టు రిపోర్టు వచ్చి, రాత్రి డ్యూటీ నర్సు జ్వరం, కడుపు ఉబ్బరం అని రాసి ఉండగా, డాక్టరు వచ్చి చూసినట్టు గాని, స్కానింగ్‌కు రాసినట్టు గాని ఎక్కడా లేకుండానే డిశ్చార్జి చేసి ఉంటే, నా అభిప్రాయంలో మీ కేసుకు బలం అక్కడే ఉంటుంది. అంగీకార పత్రం ఖాళీగా ఉండగా సంతకం చేయించుకున్నారా అన్నదీ చూడాలి. చికిత్సలోని ముఖ్యమైన ప్రమాదాలను వివరించాకే అంగీకారం తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ రికార్డులను సంబంధం లేని మరో సర్జన్‌కు చూపించి, లిఖితపూర్వక అభిప్రాయం తీసుకున్నాక జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించండి. ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. ఆసుపత్రితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయని ఆ గడువు ఆగదు. డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలి కనుక, ఇప్పుడున్న వివరాలతో పోలీసు స్టేషనుకు వెళ్లమని నేను సలహా ఇవ్వను.