వేపనూనె పైపూతకే... పసివాడి నోట్లో చుక్క కూడా వద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ! మా బాబుకి నాలుగో నెల నడుస్తోంది. ఐదు రోజులుగా జలుబు. రాత్రిళ్లు ముక్కు బిగుసుకుపోయి పాలు తాగలేక ఏడుస్తున్నాడు. వేపనూనె అర చెంచా చనుబాలలో కలిపి ఉగ్గుగిన్నెతో పడదామంటోంది మా అత్తమ్మ. జలుబంతా కక్కేస్తాడట, కడుపులో పురుగులుంటే అవీ పోతాయట. 'మీ ఆయనకి నేను పట్టలేదా, దుక్కలా లేడూ' అంటోంది. పోయిన నెల మా పెద్దపాపకి ఆటలమ్మ పోస్తే వేపమండలతోనే నయమైంది. అందుకే నాకూ కాదనడానికి నోరు రావడం లేదు. రోజూ వేపాకు నీళ్లతో స్నానం చేయిస్తున్నాం, సాయంత్రం వేపాకు పొగ వేస్తున్నాం. నూనె పట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: పట్టకండమ్మా. అర చెంచా కాదు, చుక్క కూడా వద్దు. ముందు ఈ ఒక్క మాట మీ అత్తమ్మకి చెప్పి, ఆ సీసా అందని చోట పెట్టి, తర్వాత మిగతాది చదవండి. ఇప్పటికే పట్టేసి ఉంటే, బాబు బాగానే ఉన్నట్టు కనిపించినా సరే, 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్న రోజుల్లో, ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఐదు నెలల బాబుని తీసుకొచ్చారు. సాయంత్రం దగ్గుకని వేపనూనె పట్టారు. గంట తిరక్కుండా వాంతులు మొదలయ్యాయి. తర్వాత మగతగా పడిపోయాడు. 'నిద్రపోతున్నాడులే' అనుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆయాసం, దాని వెంటే ఫిట్స్. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, అయినా బిడ్డ పరిగెత్తుకొచ్చినవాడిలా లోతుగా, గబగబా ఊపిరి తీస్తున్నాడు. రక్తంలో ఆమ్లం పెరిగిపోయినప్పుడు ఒళ్లు దాన్ని బయటికి నెట్టడానికి పడే పాట్లు అవి. ఏం పట్టారని అడిగితే నాయనమ్మ కొంగులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూత తీయగానే వెల్లుల్లి కుళ్లినట్టు ఘాటైన వాసన. లేబుల్ మీద '1500 పీపీఎం' అని ఉంది, అంటే అందులో పురుగుల మీద పనిచేసే పదార్థం ఎంతుందో చెప్పే లెక్క. అది పత్తి చేలో పచ్చదోమకి కొట్టడానికి పురుగుమందుల షాపులో కొన్న వేపనూనె. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు కలిపి పిచికారీ చేసేది. ఆమె దాన్ని నీళ్లు కలపకుండా ఐదు కిలోల బిడ్డకి పట్టింది. ఆమె ఏం పాపం చేసింది? ఇంట్లో ఉన్న వేపనూనె వేపనూనే అనుకుంది. ఆ బాబు నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. బతికాడు. అన్ని రోజులూ ఆ నాయనమ్మ వార్డు బయట గోడకి చేరగిలబడి కూర్చుంది, ఎవరితోనూ మాట్లాడలేదు. మీ ఉత్తరంలో 'అర చెంచా' అన్న మాట దగ్గర నాకు ఆమే గుర్తొచ్చింది.

'అది చేలకి కొట్టే నూనె కాబట్టి అలా అయింది, మేం గానుగ నూనె వాడతాం' అని మీ అత్తమ్మ అనవచ్చు. గానుగ నూనె అయినా అంతేనమ్మా. మలేసియాలో జలుబు, దగ్గులాంటి చిన్నచిన్న వాటికి ఇంట్లో వేపనూనె పట్టిన పసిపిల్లలు ఇలాగే వాంతులు, మగత, ఆయాసం, ఫిట్స్‌తో ఆస్పత్రి పాలయ్యారు. 1981లో అక్కడి వైద్యులు ఈ సంగతిని 'లాన్సెట్' పత్రికలో రాశారు. అప్పటి నుంచి పిల్లల వైద్యులందరికీ తెలిసిన విషయమే ఇది. నూనె ఒంట్లోకి వెళ్లాక కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు దెబ్బతింటాయి. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, మెదడు వాస్తుంది. చూడ్డానికి అచ్చం రేయిస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన జబ్బులా ఉంటుంది. దీనికి విరుగుడు మందంటూ లేదు. ఫిట్స్ ఆపుతూ, చక్కెర పడిపోకుండా చూస్తూ, ఊపిరి నిలబెడుతూ ఒళ్లు కోలుకునేదాకా కాచుకోవడమే మేం చేయగలిగింది.

మరి మీ ఆయనకి ఏమీ కాలేదు కదా? నిజమే, చాలామంది పిల్లలకి కాలేదు. ఉగ్గుగిన్నెలో పోసిన దాంట్లో సగం బుగ్గల మీదుగా కారిపోతుంది, కొంత కక్కేస్తారు. ఎంత లోపలికి వెళ్లిందో పట్టిన చేతికే తెలియదు. ఒక గింజల నూనె ఉన్నంత ఘాటుగా ఇంకోటి ఉండదు. అసలు సంగతి ఇంకోటుంది. ఆ రోజుల్లో ఫిట్స్ వచ్చి పోయిన పసిబిడ్డల విషయంలో గాలి సోకిందన్నారు, దిష్టి తగిలిందన్నారు, పుట్టుకే అలాంటిదన్నారు. ముందు రోజు పట్టిన నూనె మీద ఎవరికీ అనుమానం రాలేదు. బతికినవాళ్లు మన కళ్ల ముందున్నారు కాబట్టి వాళ్లనే లెక్కపెడుతున్నాం.

వేప మీద నాకు ఏ కోపమూ లేదు. మా ఇంటి ముందు ఉన్నదీ వేపచెట్టే. కొన్నేళ్ల కిందట తెలంగాణలో వేపచెట్లకి తెగులు తగిలి కొమ్మలు చివళ్ల నుంచి మాడిపోతూ వచ్చినప్పుడు ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టే దిగులుపడ్డాను. మళ్లీ చిగురేసిన రోజు మా పిల్లల్ని పిలిచి చూపించాను. కానీ ఈ చెట్టు మనల్ని కాపాడేది ఏ గుణంతోనో గుర్తుపెట్టుకోవాలి. 1959లో సూడాన్ మీద మిడతల దండు పడి పచ్చని ఆకన్నదల్లా మేసేసింది, వేపచెట్ల జోలికి మాత్రం పోలేదు. అక్కడున్న హైన్రిక్ ష్ముటరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త అది చూసే వేప మీద పరిశోధన మొదలుపెట్టారు. పురుగుని తిననివ్వని, పెరగనివ్వని పదార్థాలు వేపలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన అజాడిరక్టిన్ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది గింజలోనే. ఉగాది పచ్చడిలో వేసే పువ్వు వేరు, దూసి నీళ్లలో వేసే ఆకు వేరు, గానుగాడించిన గింజ నూనె వేరు. పేరు ఒక్కటే కావడంతోనే ఇంత గందరగోళం.

పురుగుల సంగతికి వస్తే, నాలుగో నెల బిడ్డకి చనుబాలు తప్ప ఇంకేమీ పట్టనప్పుడు కడుపులో నులిపురుగులు ఎలా చేరతాయి? వాటి గుడ్లు మట్టిలోంచి, కడగని చేతుల్లోంచి నోట్లోకి వెళ్లాలి. బాబు పాకుతూ మట్టిలో చేతులు పెట్టే వయసుకి వచ్చాక, ఏడాది నిండాక, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ వేస్తారు. ఏటా ఫిబ్రవరి 10న నులిపురుగుల నివారణ దినం జరిపేది అందుకే. రెండేళ్ల లోపు పిల్లలకి సగం మాత్ర, అంటే 200 మిల్లీగ్రాములు, ఆపైన 400. మాత్రని పొడి చేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి, లేకపోతే గొంతుకి అడ్డం పడుతుంది. మీ పెద్దపాపకి ఈసారి వేశారో లేదో కనుక్కోండి.

ఇక ఆటలమ్మ. మీ అత్తమ్మ నమ్మకమంతా అక్కడి నుంచే వచ్చిందని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆ నమ్మకంలో తప్పుపట్టాల్సింది చాలా తక్కువ. వేపమండలు కట్టిన ఇంటికి చుట్టుపక్కలవాళ్లు రారు, పిల్లని విడిగా పడుకోబెడతారు, ఘాటు తిండి పెట్టరు, పొక్కులు ఎండాకే నీళ్లు పోస్తారు. అంటుజబ్బు పాకకుండా మన పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. ఆటలమ్మ తెచ్చే వైరస్ మీద వేపాకు పనిచేయదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో అది వారం పది రోజుల్లో తనంతట తనే తగ్గుతుంది. దురద పుట్టినప్పుడు గోళ్లతో గీరుకోవడం కంటే మెత్తటి వేపరెబ్బతో నిమురుకోవడం ఎంతో మేలు. నా పేషెంట్లకి వద్దని నేనెప్పుడూ చెప్పను. ఒక్క జాగ్రత్త మాత్రం. ఆటలమ్మలో జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్ మాత్ర ఎప్పుడూ వేయకూడదు. పైన చెప్పిన రేయిస్ సిండ్రోమ్ వచ్చేది ఎక్కువగా అలాంటప్పుడే. వేపనూనె కూడా అదే దారి పట్టిస్తుంది కాబట్టి ఆ రెండూ నాకు ఒకే అలమరలో పెట్టి తాళం వేయాల్సిన వస్తువులు.

మీ పాపకి తగ్గి నెల అవుతోంది. అంటుకున్నాక మూడు వారాల్లోపే పొక్కులు బయటపడతాయి. కాబట్టి బాబుకి ఇప్పుడున్నది మామూలు జలుబే కావచ్చు. అయినా ఒంటి మీద నీటిపొక్కు ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి.

బాబు స్నానానికి వేపాకు నీళ్లు పోయవచ్చు. ఆకులు కాచి, వడగట్టి, గోరువెచ్చగా చేసుకుని పోయండి. కళ్లలో పడనివ్వకండి, నోట్లోకి పోనివ్వకండి. ఒళ్లు పొడిబారినా, ఎర్రగా కందినా మానేయండి. పొగ మాత్రం ఈ రోజుతో ఆపేయాలి. దోమలకి పడని పొగ పసివాడి ఊపిరికి పడుతుందా? జలుబుతో సన్నబడిన శ్వాసనాళాలు పొగకి ఇంకా బిగుసుకుంటాయి. దోమలకి దోమతెరని మించింది లేదు. కొబ్బరినూనెలో కాస్త వేపనూనె కలిపి పెద్దవాళ్లు కాళ్లకి, చేతులకి రాసుకోవచ్చు, అది బాగానే పనిచేస్తుంది. బాబుకి రాస్తే మాత్రం ఆ చెయ్యి నోట్లోకే పోతుంది.

జలుబుకి ఏం చేయాలి? మందుల షాపులో ఉప్పునీటి ముక్కు చుక్కలు, అంటే సెలైన్ నాజల్ డ్రాప్స్, దొరుకుతాయి. పాలు పట్టే ముందు, మళ్లీ పడుకోబెట్టే ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో రెండేసి చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగండి. ముక్కు వదులవుతుంది, పాలు తాగుతాడు. ఒకేసారి కడుపునిండా తాగలేడు కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టండి. జలుబు పూర్తిగా తగ్గడానికి వారం పది రోజులు పడుతుంది. ఐదో రోజున ఇంకా ఉందని కంగారుపడక్కర్లేదు. ముక్కులో నూనె చుక్కలు వేయకండి, ఏ నూనె అయినా ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా తెస్తుంది. ఛాతీకి కర్పూరం కలిపిన నూనె రాయకండి, కర్పూరం కూడా పసిపిల్లలకి ఫిట్స్ తెప్పిస్తుంది. ఏడాది నిండేదాకా తేనె నాకించకండి. దగ్గు సిరప్పులు మీ అంతట మీరు కొనకండి.

బాబు ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా విప్పి, పొట్ట మీద కళ్లుపెట్టి ఒక నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో నిమిషానికి 50, అంతకు మించి ఉంటే ఆయాసం కిందే లెక్క. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు బొత్తిగా తాగకపోయినా, పెదాలు నీలంగా మారినా, లేపితే లేవనంత మగతగా ఉన్నా, జ్వరం వచ్చినా వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి.

నూనె ఎవరైనా పట్టేస్తే గొంతులో వేలు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. కక్కేటప్పుడే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎన్ని గంటలకి, ఎంత పట్టారో గుర్తుపెట్టుకుని, ఆ సీసా చేత్తో పట్టుకుని, పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికే వెళ్లండి. డాక్టరు దగ్గర ఆ విషయం దాచకండి. ఫిట్స్ అనగానే మేం మెదడువాపు అనో, ఇన్ఫెక్షన్ అనో వెతుకుతూ విలువైన సమయం పోగొట్టుకుంటాం.

ఇంకో మాట మీకు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు వేపనూనె గానీ, వేపాకు రసం గానీ లోపలికి తీసుకోకూడదు. గర్భం నిలవకుండా చేసే గుణం వేపకి ఉందని, దాన్ని గర్భనిరోధకంగా వాడొచ్చా అని మన దేశంలోనే పరిశోధనలు జరిగాయి. మీ అత్తమ్మకి షుగర్ ఉండి, మాత్రలతో పాటు పొద్దున్నే వేపాకు రసం తాగే అలవాటుంటే, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టరుకి ఆ సంగతి చెప్పమనండి.

ఆమెతో ఎలా చెప్పాలని మీరు అడగలేదు గానీ, మీ ఇబ్బంది నాకు అర్థమైంది. 'నీకేం తెలియదు' అన్నట్టు కాకుండా, ఈ జవాబు పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఉగ్గుగిన్నె కడిగి ఆమె చేతికే ఇవ్వండి. ఆరో నెల నిండాక మెత్తగా చిదిమిన అన్నం పప్పు మొదటి ముద్ద ఆమె చేత్తోనే పెట్టించండి. అప్పటిదాకా బాబుకి పొద్దున ఒంటికి కొబ్బరినూనె రాసి నలిచే పని ఆమెదే. ఆ చేతుల్లో ఉన్న నేర్పు మా ఆస్పత్రుల్లో నర్సులకి కూడా ఉండదు.