అమ్మలూ, రసీదు రాసే ముందు పాస్‌పోర్టు చూడు

అమ్మలూ,

మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ కూతురికి నాక్ కోఆర్డినేటర్ పని అంటగట్టారు, గోల్డెన్ జూబ్లీ చందాల పని కూడా దానిదేనట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మీ పిన్నికి రెండుసార్లు చెప్పుకున్నాను, గర్వంగానే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. యాభై ఏళ్లు నిండిన కాలేజీకి ఒకే ఏడాదిలో రెండు పెళ్లిళ్లు పెట్టుకున్నారు మీ యాజమాన్యం వాళ్లు: కాలేజీ నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే నాక్ తనిఖీ ఒకటి, జూబ్లీ ఒకటి. రెండింటికీ పెళ్లిపెద్దవు నువ్వే. ఫోన్లో చెబితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

తేలికవి ముందు. ఉన్నత విద్య సర్వే వాళ్ల ఏఐఎస్‌హెచ్‌ఈ సర్టిఫికెట్, అఫిలియేషన్ ఉత్తర్వులు, యూజీసీ గుర్తింపు లేఖలు 2(ఎఫ్), 12(బి), నాక్‌కు ఏటేటా పంపిన నాణ్యతా నివేదికలు (ఏక్యూఏఆర్‌లు) ఒక ఫైల్లో పెట్టుకో. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఐసీసీ కమిటీలో బయటి సభ్యులు ఉన్నారో లేదో చూసుకో. ర్యాంపు పగిలితే సిమెంటు వేయించు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

గ్రేడ్లు తీసేసి గుర్తింపు ఉంది, లేదు అనే రెండు ముక్కల పద్ధతి వస్తుందనీ, దానిపైన అయిదు స్థాయిలు ఉంటాయనీ 2024 నుంచి అంటున్నారు. స్టాఫ్‌రూం కబుర్లు పట్టించుకోకు. దరఖాస్తు పెట్టే రోజున నాక్ సైట్లో అఫిలియేటెడ్ కాలేజీల మాన్యువల్ ఏది ఉందో అది దించుకుని, ప్రింటు తీసి, దాని మీద తేదీ రాసి పెట్టుకో. నేను చెప్పేది 2017 నుంచి నడిచిన పద్ధతి లెక్క. రేపు ఏది వచ్చినా, కాగితం అడక్కుండా మార్కులు వేసేవాడు ఎవడూ ఉండడు.

మొదటి దరఖాస్తు ఐఐక్యూఏను నాక్ ఆమోదించాక, కాలేజీ తన గురించి తానే రాసుకునే నివేదిక ఎస్ఎస్ఆర్ పెట్టడానికి 45 రోజులే గడువు. అందరూ ఆ 45 రోజుల్లో రాయొచ్చులే అనుకుని బోల్తా పడతారు. ఆ రోజులు పీడీఎఫ్‌లు ఎక్కించడానికీ, సర్వర్ మొరాయించడానికీ, ప్రిన్సిపాల్ సంతకానికీ సరిపోతాయి. ఎస్ఎస్ఆర్ ఆసాంతం రాసి ముగించాకే ఐఐక్యూఏ పంపు.

ఎక్కడ ఎక్కువ కష్టపడాలో మార్కులే చెబుతాయి. మొత్తం 1000లో రెండో క్రైటీరియన్‌కే, అంటే బోధన, మూల్యాంకనానికే, 350. అందులో నాకు బెంగగా ఉన్నది టీచర్ల జాబితా. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తీసేసుకున్నప్పుడు మీ కాలేజీ కూడా పోస్టులు అప్పగించింది కదా. నాక్ అడిగే అయిదేళ్ల లెక్కలో ఆ ఏడాది ఉంటే, మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేసినవాళ్లు ఎందరు అన్న అంకె ఆ ఒక్క సంవత్సరంలో తలకిందులవుతుంది. జీవో కాపీ, రిలీవింగ్ ఆర్డర్లు, వాళ్ల స్థానంలో యాజమాన్యం వేసుకున్నవాళ్ల నియామక పత్రాలు మూడూ పక్కపక్కన పెట్టుకో. ఇంకొకటి, మన పేర్లతో వచ్చే తంటా. జీతాల పట్టీలో ఇంటిపేరు ముందు, పీహెచ్‌డీ సర్టిఫికెట్లో చివర, హాజరు పట్టీలో అసలు ఇంటిపేరే లేకుండా ఒక్క అక్షరం. మనం పెట్టిన కాగితాలు సరిచూసే డీవీవీ వాళ్లకు ఆ ఒక్క టీచరే ముగ్గురు మనుషులు. ఒక్కో టీచరుకు ఒకే పేరు ఖాయం చేసి, అన్ని జాబితాల్లో అదే రాయించు. తేడా ఉన్నచోట ప్రిన్సిపాల్ సంతకంతో చిన్న ధ్రువపత్రం జతచెయ్యి.

డీవీవీ వాళ్లు మీ కాలేజీ చూడరు, మీ వేపచెట్టు చూడరు, పీడీఎఫ్ చూస్తారు. ఎన్ఎస్ఎస్ శిబిరం నివేదిక తెలుగులో ఉందా? ఇంగ్లిష్ అనువాదం జతచేసి సంతకం పెట్టించు, లేకపోతే లెక్కలోకి రాదు. ఫొటో మీద తేదీ, చోటు ఉండాలి. మీ పిల్లలకే మీ సెమినార్ హాల్లో పెట్టిన అవగాహన సదస్సు విస్తరణ కార్యక్రమం కిందికి రాదు, ఊళ్లోకి వెళ్లినదే వస్తుంది. ఒక్క కార్యక్రమాన్ని రెండు చోట్ల వాడుకుంటే రెండో చోట కొట్టేస్తారు. ఉద్యోగాలొచ్చాయని రాసినచోట జాబ్ మేళా బ్యానర్ పనికిరాదు, పిల్లవాడి ఆఫర్ లెటర్ కావాలి. పీజీలో చేరినవాళ్లకు అడ్మిషన్ కార్డో ఐడీ కార్డో కావాలి. అవి పిల్లలు కాలేజీ వదిలి వెళ్లాక దొరకవు. టీసీ ఇచ్చే రోజునే ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టి ఫోన్ నంబరు, ఎక్కడ చేరుతున్నారు అన్నది రాయించుకోండి. ఇప్పటికైనా మొదలెట్టు.

విద్యార్థుల సర్వే సంగతి తక్కువ చూడకు. బోధన ఎలా ఉందని నాక్ అడిగే 21 ప్రశ్నలు పిల్లల ఈమెయిల్‌కు వెళ్తాయి. పిల్లల్లో పదో వంతో, 100 మందో, ఏది తక్కువైతే అంతమంది జవాబివ్వాలి, లేకపోతే ఆ అంశాన్ని మూల్యాంకనానికే తీసుకోరు. అంతేనా అనిపిస్తుంది. మన పిల్లల ఈమెయిళ్లు అడ్మిషన్ల రోజున నెట్ సెంటర్ కుర్రాడు సృష్టించినవి, పాస్‌వర్డు వాడికే తెలుసు. సర్వేకు నెల ముందే ప్రతి క్లాసుకూ ఒక టెస్ట్ మెయిల్ పంపు. తెరవనివాళ్ల ఐడీలు మార్పించు. ఏం జవాబు రాయాలో మాత్రం నేర్పకు, తెలిసిందా.

ఇక చందాలు.

యాభై లక్షలు వసూలు చేయాలని మీటింగులో అనుకున్నారట. ఎందుకని అడిగితే మీ నాన్న "ముందు గేటు దగ్గర జూబ్లీ ఆర్చి అట" అన్నాడు. ఆర్చీకి నాక్ ఒక్క మార్కు వేయదు, ఆర్చీ కింద పిల్లలు కూర్చుని చదువుకోరు. కాదనలేకపోతే చిన్నది కట్టుకోమను. అమ్మాయిల మరుగుదొడ్లకు నీటి ట్యాంకు, పైకప్పు కారుతున్న గది, లైబ్రరీ, ఇవి పేరుపేరునా ఖర్చు అంచనాతో రాసి దాతల ముందు పెట్టు. మిగిలింది మూలనిధి. 10 లక్షలు ఆరున్నర శాతానికి ఫిక్స్‌డ్ చేస్తే ఏటా 65,000, అంటే 5,000 చొప్పున 13 మంది ఫీజు. "మా అమ్మ పేరున ఏటా ఒక పిల్ల చదువుకుంటుంది" అంటే మనవాళ్లు కాదనరు. మూలనిధికి ఇస్తున్నానని దాత చేతిరాత లేఖ తప్పకుండా తీసుకో. అది లేకుండా ఆడిటర్ దాన్ని ఆ పద్దులో వేయడు.

దాతలెక్కడ దొరుకుతారు? ఫేస్‌బుక్‌లో కాదు, ఆఫీసు బీరువాలో. 1976 నాటి అడ్మిషన్ రిజిస్టర్లు కింది అరలో ఉంటాయి, ఎర్ర గుడ్డ అట్ట. అప్పట్లో ప్రతి పిల్లవాడి పక్కనా తండ్రి వృత్తి రాసేవాళ్లం: వ్యవసాయం, వ్యవసాయం, నేత, వ్యవసాయం, ఒక్క కరణం. ఆ పిల్లలకు ఇప్పుడు 68 ఏళ్లు. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పూలబొమ్మలు పెడతారు గానీ డబ్బు మాట మాత్రం ఎవరో ఒకరు ఫోన్ చేసి, "మాస్టారూ, ఫలానా బ్యాచ్ కదూ మీరు" అంటేనే కదులుతుంది. బ్యాచ్‌కు ఒకరిని పట్టుకో, వాళ్లే మిగతావాళ్లను లాగుతారు.

పూర్వ విద్యార్థుల సంఘం 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైందని సంతోషపడిపోకు. ఏటా జనరల్ బాడీ జరిగిందా, సభ్యుల జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలైందా, ఆడిట్ అయిందా, చూడు. నాక్‌కు చూపించాల్సింది ఆ ఆడిట్ లెక్కలే. పన్ను మినహాయింపు ఉందని దాతలకు చెప్పే ముందు సంఘానికి 80జీ ఆమోదం ఉందో, గడువు దాటిందో చూడు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, పాత రసీదు పుస్తకాలు అచ్చు వేయించకండి. 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదు, చెక్కో ట్రాన్స్‌ఫరో అడుగు. ప్రతి దాత దగ్గరా పాన్ నంబరు తీసుకో.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది నీకు ఎవరూ చెప్పరు. తెలిసినవాళ్లు సిగ్గుతో చెప్పరు, తెలియనివాళ్లకు ఇందులో తప్పేముందో బోధపడదు.

ఒక కాలేజీ. పేరు వద్దు. కంప్యూటర్ ల్యాబ్ కోసం పూర్వ విద్యార్థుల సంఘం చందాలు పట్టింది. అమెరికాలో ఉంటున్న పాత విద్యార్థి ఒకాయన 4 లక్షలు పంపాడు. డాలర్లు కాదు, రూపాయలే. విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులో ఇచ్చే ఎన్ఆర్ఓ ఖాతా నుంచి సంఘం మామూలు సేవింగ్స్ ఖాతాకు. రసీదు ఇచ్చారు. గోడకు నల్లరాతి ఫలకం బిగించారు. ఫొటో దిగారు. ఆయన అంతకు కొన్నేళ్ల ముందే అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు, చేతిలో, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉంది. ఆ ఒక్క తేడాతో ఆ 4 లక్షలూ విదేశీ విరాళమై కూర్చున్నాయి.

విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ, డబ్బు రంగు చూడదు, ఇచ్చినవాడి పౌరసత్వం చూస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాడు డల్లాస్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నా, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది మామూలు చందాయే. పౌరసత్వం మారినవాడు ఊరొచ్చి, అరుగు మీద కూర్చుని రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోవడం నేరం, శిక్ష అయిదేళ్ల దాకా ఉంది. ఆయనకూ తెలియదు, వీళ్లకూ తెలియదు. "మన ఊరివాడే కదా" అనుకున్నారు.

బయటపడింది ఎలాగంటే, నాక్ కోసమే. పూర్వ విద్యార్థుల తోడ్పాటుకు రుజువుగా దాతల జాబితా, ఆడిట్ లెక్కలు, ఫలకం ఫొటో అన్నీ కలిపి ఎస్ఎస్ఆర్‌లో పెట్టబోయారు. ఎస్ఎస్ఆర్ కాలేజీ వెబ్‌సైట్లో అందరికీ కనబడేలా పెట్టాలి. అంటే తమ తప్పుకు తామే ఫొటోతో సహా సాక్ష్యం ఇస్తున్నారన్నమాట. ఆడిటర్ ఆఖరి నిమిషంలో పట్టుకున్నాడు. వెనక్కి పంపేద్దామంటే ల్యాబ్‌లో అప్పటికే కంప్యూటర్లున్నాయి, పంపినా తీసుకున్న తప్పు చెరగదు. హోంశాఖకు రాసుకుని, కోర్టు దాకా పోకుండా తేల్చుకునే కాంపౌండింగ్ కింద జరిమానా కట్టి బయటపడ్డారు. ఫలకం ఊడదీశారు. ఆ రాయి వెనక్కి తిప్పి వాచ్‌మన్ గది గుమ్మంలో వేశారు. ఆ పెద్దమనిషి మళ్లీ ఆ కాలేజీ గడప తొక్కలేదు, తనను దొంగను చేశారని. రసీదు మీద కోశాధికారి సంతకం ఎవరిదని మాత్రం నన్ను అడక్కు.

అందుకని, క్యూఆర్ కోడ్ తీసుకెళ్లి వాట్సాప్ గ్రూపులో పడేయకు. ఎవరు పడేసినా నీదే బాధ్యత. డబ్బు పడ్డాక పాస్‌పోర్టు అడిగితే అవమానం, పడకముందు అడిగితే పద్ధతి. ఒక పేజీ ఫారం చెయ్యి: పేరు, బ్యాచ్, పాన్, ఏ దేశ పౌరసత్వం, సొంత డబ్బేనని ఒక వాక్యం, సంతకం. విదేశాల్లో ఉన్నవాళ్ల దగ్గర భారత పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ. ఫారం వచ్చాకే ఖాతా నంబరు ఇవ్వు. ఎవరైనా నొచ్చుకుంటే నా మీద తోసెయ్యి, "మా బాబాయ్ చాదస్తుడు" అను.

పౌరసత్వం మారినవాళ్లు మూడు దొడ్డిదారులు చూపిస్తారు. "ఎఫ్‌సీఆర్ఏ ఉన్న ఫలానా ట్రస్టుకు ఇస్తాను, వాళ్లు మీకిస్తారు" అంటారు. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు బదిలీ చేయకూడదు. "అమ్మ ఖాతాకు పంపి అమ్మ చేత ఇప్పిస్తాను" అంటారు. ఆ ఊబిలో ఆవిడను దింపొద్దు. "ల్యాప్‌టాప్‌లు సూట్‌కేసులో తెస్తాను" అంటారు. వస్తువైనా విరాళమే. సరైన దారి ఒకటి ఉంది గానీ ఈ జూబ్లీకి అందదు: సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు ఉంటే రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోవచ్చు, ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వేరే ఖాతా తెరవాలి.

అలాగని వాళ్లను దూరం చేసుకోకు. వాళ్ల దగ్గర డబ్బుకన్నా ఖరీదైనది సమయం. శనివారం రాత్రి మన పిల్లలకు ఇంటర్వ్యూలు ప్రాక్టీసు చేయించమను, పాఠం చెప్పమను. నాక్ అడిగేది ఆర్థికమైనా, ఇతరత్రా అయినా తోడ్పాటే. తేదీ, టాపిక్, ఎంతమంది పిల్లలు, ఒక స్క్రీన్‌షాట్. ఆ ఫైలు చాలు.

నాక్ పంపే తనిఖీ బృందం, పీర్ టీం, నేరుగా వచ్చినా, ఆన్‌లైన్‌లో చూసినా, మర్యాద భోజనంతో ఆపెయ్యి. పట్టుచీరలు, వెండి కుందులు అని ఎవరైనా అంటే ఆ మీటింగులోంచి లేచి వచ్చెయ్యి. 2025 ఫిబ్రవరిలో లంచాల కేసులో నాక్ తనిఖీ సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. నీ సంతకం ఉన్న వోచరు ఏదీ అలాంటి పద్దులో ఉండకూడదు.

తిట్టినట్టు రాశానేమో. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో కూడిక తప్పితే పేజీ చింపేసి మళ్లీ మొదలెట్టేదానివి, మీ నాన్న నవ్వేవాడు, నేను నవ్వలేదు. ఆ పనికి నువ్వే తగినదానివి. రాత్రి పన్నెండు దాకా కూర్చోకు, మధ్యాహ్నం డబ్బా తెరవకుండా వెనక్కి తేకు.

వచ్చే ఆదివారం రా. 2021 జీవో కాపీ, అయిదేళ్ల జీతాల పట్టీలు పట్టుకురా. టీచర్ల జాబితా ఇద్దరం పేరుపేరునా సరిచూద్దాం. ఎర్ర సిరా పెన్ను నా దగ్గరుంది.

మీ బాబాయ్