నీటికుక్కలు చేపలను తినేస్తున్నాయి, ఉచ్చు పెట్టవచ్చా?

ప్రశ్న: మేడం గారూ, మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరు జె.పి. నగర్‌లో ఉంటున్నాం. కనకపుర దాటాక, సంగమకు వెళ్లే దారిలో ఒక రైతు పొలం లీజుకు తీసుకుని ఎకరంన్నర చెరువు తవ్వించాను. బొచ్చె, శీలావతి, బంగారుతీగ పిల్లలను వదిలాను. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి గాలం వేయడానికి వచ్చేవాళ్ల దగ్గర మనిషికి ఇంత అని తీసుకుంటాను. నిరుటి వానాకాలం నుంచి నీటికుక్కలు మరిగాయి. ఇక్కడివాళ్లు నీరునాయి అంటారు. ఒకప్పుడు ఉండేవట, మధ్యలో కనబడకుండా పోయాయట, ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి. తెల్లారి చూస్తే గట్టు మీద సగం తిన్న చేపలు. గాలానికి ఏమీ పడకపోతే వచ్చినవాళ్లు డబ్బులు వాపసు అడుగుతున్నారు. కాపలా అతను ఉచ్చు పెడతానంటున్నాడు, పక్క తోట ఆయన ఇప్పటికే పెట్టేశాడు. ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడేమో అక్కడ వీటిని పట్టుకోవడానికి లైసెన్సు ఇస్తారంటాడు. మనకూ అలాంటిది ఉందా? నష్టపరిహారం వస్తుందా? చెరువులో చేపలు తక్కువైనప్పుడు గెస్టులను కావేరి ఒడ్డుకు తీసుకెళ్తున్నాను. పట్టి మళ్లీ వదిలేస్తాం కాబట్టి ఇబ్బంది లేదనుకుంటున్నాను. రైతును లీజు డబ్బు తగ్గించమని అడగవచ్చా? ఫొటోలు జత చేశాను.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఉచ్చు పెట్టకండి. మీ కాపలా అతను ఈపాటికే పెట్టి ఉంటే ఈ రోజే తీయించండి. మిగతా సంగతులన్నీ దీని తరువాతే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972ను 2022లో సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నీటికుక్క షెడ్యూల్ 1లోని జంతువు. పులి, ఏనుగు ఉన్న వరసే అది. సెక్షన్ 9 ప్రకారం దాన్ని వేటాడటం నేరం. నేను తుపాకీ పట్టలేదు కదా అంటే కుదరదు. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. విషం పెట్టడం, ఉచ్చులో, బోనులో పట్టడం, కుక్కలను ఉసిగొల్పి తరమడం, ఎర వేయడం, చివరికి వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. ఉచ్చులో ఏదీ పడకపోయినా ఉచ్చు బిగించిన చెయ్యి దొరికితే చాలు. షెడ్యూల్ 1 జంతువు విషయంలో శిక్ష కనీసం 3 ఏళ్ల జైలు, 7 ఏళ్ల దాకా పడవచ్చు, రూ. 25,000కు తగ్గని జరిమానా. వాడిన సామాను, తీసుకెళ్లిన బండి కూడా స్వాధీనం చేసుకుంటారు.

మీరు పంపిన రెండో ఫొటో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. కంచె కింద, నేలకు జానెడు ఎత్తులో, మోటారు సైకిల్ క్లచ్ వైరుతో వేసిన ఉరి అది. పక్క తోటాయన పెట్టింది అదేననుకుంటాను. అలాంటి ఉరికి నీటికుక్క, అడవిపంది, చిరుత అన్న తేడా ఉండదు. కావేరి అభయారణ్యం అంచున ఉన్న పొలంలో చిరుత నడుముకు ఆ వైరు బిగిస్తే, అటవీ అధికారులు మొదట అడిగేది చుట్టుపక్కల తోటల వాళ్లనే. మీరు ఇప్పటికే ఫొటో తీశారు, అంటే మీకు తెలుసు. దగ్గరలోని రేంజ్ ఫారెస్ట్ ఆఫీసరుకు, లేదా అటవీ శాఖ సహాయవాణి 1926కు చెప్పండి. పొరుగువాడితో మాట పడుతుందని మీకు ఉంటుంది. ముందు ఆయనతోనే నెమ్మదిగా మాట్లాడి తీయించగలిగితే మరీ మంచిది. కానీ రోజులు సాగదీయకండి.

ఇంకొక మాట. సెక్షన్ 52 ప్రకారం నేరానికి ప్రోత్సహించినవాళ్లూ నేరం చేసినట్టే లెక్క. కాపలా అతను 'అన్నా, ఏం చేయమంటావు' అని వాట్సాప్‌లో అడిగితే 'నీ ఇష్టం, ఎలాగోలా వదిలించు' అని మీరు పంపిన వాయిస్ మెసేజే రేపు మీ మీద సాక్ష్యం అవుతుంది. జైలుకు ముందు వెళ్లేది కూలికి పని చేసే ఆ మనిషే అని కూడా మరచిపోకండి. ఉచ్చు, విషం, కరెంటు వైరు ఏవీ పెట్టవద్దని అతనికి ఈ రోజే స్పష్టంగా మెసేజ్ పంపండి. అతనికీ రక్షణ, మీకూ రక్షణ. కరెంటు వైరు అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానంటే, స్తంభం నుంచి తీగ లాగితే అది విద్యుత్ చోరీ కూడా అవుతుంది, రాత్రి గట్టు మీద నడిచే మనుషుల ప్రాణాలు కూడా పోతాయి.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పాడు. ఇంగ్లండులో 1950ల చివరి నుంచి పురుగుమందుల వల్ల నీటికుక్కలు చాలా నదుల్లో లేకుండా పోయాయి. ఆ మందులను ఆపాక మెల్లగా తిరిగి వచ్చి, 2011 నాటికి అక్కడి ప్రతి కౌంటీలోనూ కనిపించాయి. పెద్ద పెద్ద బంగారుతీగ చేపలు పెంచి గాలం వేయించే చెరువుల వాళ్లకు అప్పుడే గొడవ మొదలైంది. వాళ్లకు ఇచ్చే లైసెన్సు చంపడానికి కాదు. చుట్టూ కంచె వేసుకున్న చెరువులో ఏదైనా నీటికుక్క లోపల చిక్కుకుంటే, శిక్షణ ఉన్నవాళ్లు ప్రాణంతో పట్టి కంచె బయట వదలడానికి. అంటే అక్కడ కూడా ముందు కంచె, తరువాతే లైసెన్సు.

మన దగ్గర ఆ పాటి వెసులుబాటు కూడా లేదు. సెక్షన్ 11 కింద వేటకు అనుమతి ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, అంటే రాష్ట్రంలో వన్యప్రాణుల బాధ్యత చూసే పెద్ద అధికారికి, ఉంది. షెడ్యూల్ 2 జంతువైతే పంటకో ఆస్తికో ప్రమాదం అన్న కారణం సరిపోతుంది. షెడ్యూల్ 1 జంతువుకు అలా కాదు. మనిషి ప్రాణానికి ప్రమాదమైనా కావాలి, లేదా అది కోలుకోలేని గాయంతోనో రోగంతోనో ఉండాలి. చేపలు పోయాయన్నది ఈ రెండింటిలోకీ రాదు. ఆత్మరక్షణ మినహాయింపు కూడా మనుషుల ప్రాణం కోసమే, చెరువు కోసం కాదు.

ఇది మీకు అన్యాయంగా తోస్తుంది. మీ నష్టం నిజం, దాన్ని నేను తక్కువ చేయను. పెద్ద నీటికుక్క రోజుకు కిలో దాకా చేప తింటుంది, పైగా అవి కుటుంబంతో కలిసి వస్తాయి. నదిలో అయితే చేప వెతుక్కోవాలి, మీ చెరువులో వడ్డించిన విస్తరే. అందుకే నదిని, తవ్వించిన చెరువును ఒకే గాటన కట్టకూడదు. కావేరిలో చేపలు తగ్గడానికి కారణం నీటికుక్కలు కాదు. అవి, చేపలు కలిసే వేల ఏళ్లు బతికాయి. నదిని దెబ్బతీసింది ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, నాటు బాంబులతో చేపలు పట్టడం, బయటి నుంచి తెచ్చి వదిలిన జిలేబి (తిలాపియా), ఆఫ్రికా క్యాట్‌ఫిష్ లాంటి చేపలు. చేపలను పేల్చడం, నీళ్లలో విషం కలపడం 1897 నాటి చేపల చట్టం నుంచే నేరం, అయినా ఈ రోజుకీ జరుగుతోంది. నీటికుక్క మళ్లీ కనబడుతోందంటే ఆ నీళ్లలో ఇంకా తిండి ఉందని అర్థం. మన కర్ణాటక ప్రభుత్వమే 2015లో తుంగభద్ర మీద ముద్లాపుర నుంచి కంప్లి దాకా సుమారు 34 కిలోమీటర్ల మేర నీటికుక్కల కోసం ప్రత్యేకంగా సంరక్షణ ప్రాంతం ప్రకటించింది. నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. కానీ జంతువును కాపాడిన ప్రభుత్వం, దాని వల్ల నష్టపోయిన చిన్న రైతును కూడా పట్టించుకోవాలి కదా. ఆ రెండో పని జరగడం లేదు.

అటవీ శాఖ పరిహారం ప్రధానంగా పంట నష్టం, పశువుల మరణం, మనుషుల గాయాలు, మరణాల కోసం పెట్టినది. చెరువులో చేపలకు వస్తుందని మీకు ఆశ పెట్టను. అయినా దరఖాస్తు ఇవ్వండి. నోటి మాటగా కాదు, రాతపూర్వకంగా, ముద్ర వేసిన నకలు తీసుకుని, ఒక కాపీ తాలూకా మత్స్య శాఖ కార్యాలయానికి కూడా. రాతలో తిరస్కరిస్తే ఆ కాగితం పట్టుకుని హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద అడగడానికి వీలుంటుంది. కాగితమే లేకపోతే అడగడానికి ఏమీ ఉండదు. మీ లాంటి చెరువుల వాళ్లు నలుగురైదుగురు కలిసి ఇస్తే ఇంకా బరువు ఉంటుంది.

దరఖాస్తుకు రుజువు కావాలి. మీ మొదటి ఫొటో అందుకు పనికొస్తుంది: రాయి మీద నల్లటి మలం, దాంట్లో చేప పొలుసులు, ఎండ్రకాయ పెంకు ముక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. తేదీ పడేలా ఇలాంటివి ఇంకా తీయండి. పిల్లలు ఎన్ని వదిలారో ఆ బిల్లులు, పట్టుబడి లెక్కలు దాచండి. రాత్రిపూట పనిచేసే కెమెరా ఒకటి కట్టండి. దీంతో ఇంకో ఉపయోగం ఉంది. నీటికుక్క గట్టు మీద నాలుగు చేపలు వదిలి పోతుంది, అది అందరి కంటా పడుతుంది. రాత్రి వల వేసి గోనెసంచి నింపుకుపోయే మనిషి ఏమీ వదలడు. ఎండాకాలం తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చచ్చే చేపలు కూడా ఉంటాయి. మొత్తం నష్టం ఎవరి ఖాతాలోదో ముందు తేలాలి.

బీమా గురించి: 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన ప్రధానమంత్రి మత్స్య కిసాన్ సమృద్ధి సహ యోజన కింద చేపల చెరువు బీమా ప్రీమియంలో 40 శాతం, పరిమితికి లోబడి, ఒకసారి ప్రోత్సాహకంగా ఇస్తారు. సంతకం పెట్టే ముందు పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. అడవి జంతువుల వల్ల పోయిన చేపలు ఆ మినహాయింపుల్లో ఉంటే ఆ పాలసీ మీకు ఈ విషయంలో పనికిరాదు.

చట్టం మిమ్మల్ని ఆపనిది కంచె. గట్టి ఇనుప మెష్, కింద అడుగు లోతు పాతిపెట్టి, పైన బయటి వైపు వంచి కట్టించండి. నీళ్లు వచ్చే, పోయే తూములకు ఇనుప జాలీ తప్పకుండా బిగించండి, అవి ముందు దూరేది అక్కడి నుంచే. నైలాన్ వల కంచెగా వద్దు, జంతువు చిక్కి చస్తే మళ్లీ మీ మీదికే వస్తుంది. గట్టు చుట్టూ పొదలు కొట్టించండి, పెద్ద చేపలను రాత్రిళ్లు హాపాలో, అంటే నీళ్లలోనే కట్టే వల తొట్టిలో, ఉంచండి. కాపలా కుక్కను గట్టు మీద కట్టేసి ఉంచడం తప్పు కాదు, వదిలి తరిమించడం తప్పు. ఎకరంన్నరకు కంచె ఖర్చు తక్కువేమీ కాదు. కానీ మీ వ్యాపారం నిలబడేదీ పడేదీ దాని మీదే.

లీజు సంగతి క్లుప్తంగా. వరద, అగ్నిప్రమాదం లాంటి వాటికి ఉండే ఊరట ఇలాంటి నష్టానికి దొరకదు, మీ ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప. అంతకంటే ముఖ్యం, కర్ణాటక భూసంస్కరణల చట్టం, 1961లోని సెక్షన్ 5 వ్యవసాయ భూమిని లీజుకు ఇవ్వడాన్నే సాధారణంగా నిషేధిస్తుంది. రైతుకు నోటీసు పంపితే మీ ఒప్పందం చెల్లుబాటే మొదట ప్రశ్నలో పడవచ్చు. కాబట్టి నోటీసులు వద్దు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. దానికి ముందు కాగితాలు ఎవరైనా వకీలుకు చూపించండి.

చివరగా మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఆ కావేరి విషయం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ప్రమాదమైనది అదే. సంగమ, మేకెదాటు కావేరి వన్యప్రాణి అభయారణ్యంలోని చోట్లు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించడం సెక్షన్ 27కు, అక్కడి వన్యప్రాణులకు హాని చేయడం, తీయడం సెక్షన్ 29కు విరుద్ధం. చట్టం దృష్టిలో చేప కూడా వన్యప్రాణే. భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి క్యాంపుల్లో ఒకప్పుడు పట్టి వదిలే పద్ధతిలో గాలం వేయించేవాళ్లు, తరువాత అది కూడా ఆపేశారు. అక్కడి మూపురం ఉన్న మహశీర్ చేప కావేరి పరీవాహకంలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు, 2018లో అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కకెక్కింది. వదిలేశాం అన్న మాట మీకు రక్షణ కాదు. పైగా మీరు డబ్బు తీసుకుని తీసుకెళ్తున్నారు కాబట్టి గెస్టు కంటే మీరే ముందు నిందితులవుతారు. ఆన్‌లైన్‌లో ఆ ట్రిప్పు ప్రకటన ఉంటే ఈ రోజే తీసేయండి. వచ్చే శనివారానికి తీసుకున్న బుకింగులకు చెరువు చూపించండి, వద్దన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చేయండి.